కీమో రోజుల్లో మనసుకు ఊరట: ఒక ఆసుపత్రి రిలాక్సేషన్ తరగతిపై సమీక్ష

హైదరాబాదులోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో, కీమోథెరపీ డే కేర్ విభాగానికి అనుబంధంగా, చికిత్స పొందుతున్నవారి ఆందోళనను తగ్గించడానికి రిలాక్సేషన్ (ఒంటిని వదులు చేసే సాధన), గైడెడ్ ఇమేజరీ (ఊహతో మనసును నెమ్మదింపజేసే సాధన) తరగతి నడుస్తోంది. రొమ్ము క్యాన్సర్‌కు మా అమ్మ అక్కడ చికిత్స తీసుకున్న నెలల్లో అటెండెంటుగా ఆమె పక్కన నేను కూడా ఆ తరగతిలో కూర్చున్నాను. డాక్టర్ల గురించి, బిల్లుల గురించి అభిప్రాయాలు రాసేవారు చాలామందే ఉన్నారు గానీ, ఇలాంటి సేవలో ఏం చేయిస్తారో, దానివల్ల ఏ మేరకు మేలు కలుగుతుందో వివరంగా చెప్పేవారు తక్కువ. కీమో మొదలుకాబోతున్న కుటుంబాలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున ఆసుపత్రి పేరు రాయడం లేదు.

తరగతిని నడిపేది ఒక సైకో ఆంకాలజీ కౌన్సెలర్, అంటే క్యాన్సర్ రోగుల మానసిక బాధలను చూసే సలహాదారు. వారంలో రెండు ఉదయాలు, ముప్పావు గంటకు కాస్త తక్కువగా, ఎనిమిది పదిమందిని మాత్రమే కూర్చోబెట్టి నడుపుతారు. విడిగా రుసుము లేదు, డే కేర్ ఫైలు చూపిస్తే చాలు. కూర్చోగానే ఒక్కొక్కరినీ, మనసులో కలత ఈ క్షణాన సున్నా నుంచి పది వరకు ఎంత ఉందని అడిగి రాసుకుంటారు. డిస్ట్రెస్ థర్మామీటర్ పేరుతో క్యాన్సర్ విభాగాల్లో వాడుకలో ఉన్న కొలమానం కూడా ఇలాంటిదే. ఆ తరువాత ఊపిరి మీద సాధన మొదలవుతుంది. ముక్కుతో నెమ్మదిగా గాలి తీసుకోవడం, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలడం, కడుపు మీద చేయి పెట్టుకుని కడుపు పైకి లేవడాన్ని, దిగడాన్ని గమనించడం, ఇంతే. పిడికిళ్లతో మొదలుపెట్టి ముంజేతులు, భుజాలు, నుదురు, దవడలు, కడుపు, తొడలు, పాదాలు వరుసగా కొన్ని సెకన్లపాటు బిగించి, ఒక్కసారిగా వదిలేసి, ఆ వదులుతనాన్ని కాసేపు గమనించమంటారు. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికన్ వైద్యుడు రూపొందించి, 1929లో పుస్తకంగా ప్రచురించిన పద్ధతి ఇది. మన శవాసనం, యోగనిద్ర తెలిసినవారికి ఇందులో చాలా భాగం పరిచయమైనదే అనిపిస్తుంది. అయితే ముందుగా బిగించి ఆ తరువాత వదలడంలో ఒక సౌలభ్యం ఉంది. ‘ఒంటిని వదులు చేయండి’ అని ఊరికే చెబితే ఏం చేయాలో తోచనివారికి కూడా, గట్టిగా బిగించిన పిడికిలిని తెరిచినప్పుడు ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

శరీరం ఇలా కుదుటపడ్డాక ఊహ మొదలవుతుంది. కళ్లు మూసుకుని, మనసుకు నెమ్మదినిచ్చే ఒక చోటును చూపు, చప్పుడు, స్పర్శలతో సహా వీలైనంత వివరంగా తెచ్చుకోవడమే గైడెడ్ ఇమేజరీ. ఈ సేవ మంచిచెడ్డలు తేలేది ఇక్కడే అని నా అభిప్రాయం.

మేము చేరిన కొత్తలో కౌన్సెలర్ గారు అందరికీ ఒకే రికార్డింగు వినిపించారు. సముద్రపు ఒడ్డున నిలబడి ఉన్నట్టు, అలలు వచ్చి పాదాలను తాకుతున్నట్టు, వెనుదిరిగే ప్రతి అలతోనూ భయం వెళ్లిపోతున్నట్టు ఊహించుకోమని అందులో ఒక గొంతు చెబుతుంది. ఇలాంటి రికార్డింగులలో సముద్రం తరచుగా కనిపించేదే కనుక, దానిని ఎంచుకున్నవారు కీడు తలపెట్టలేదు. కానీ మా అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిననాటికి ఆమె బడికి వెళ్లే పిల్ల. 10,000 మందికి పైగా ప్రాణాలు తీసిన ఆ నీటిలో తోబుట్టువును పోగొట్టుకున్న మనిషికి, నీళ్లు పాదాలదాకా వచ్చాయన్న మాట ఊరటనివ్వదు. రికార్డింగు సగంలో ఉండగానే అమ్మ కళ్లు తెరిచి, కుర్చీ చేతులు రెండూ పట్టుకుని కూర్చుంది. తరగతికి ముందు నాలుగు అని చెప్పిన ఆమె, ముగిశాక ఎనిమిది అని చెప్పింది.

ఆ అంకె చూసి కౌన్సెలర్ గారు మిగిలినవారిని పంపించి అమ్మ పక్కన కూర్చున్నారు. ఏం జరిగిందో నెమ్మదిగా తెలుసుకున్నాక, ఆ రికార్డింగును మళ్లీ ఈమెకు వినిపించనని చెప్పి, “ఒంటికీ మనసుకూ హాయిగా ఉండిన చోటు మీకేదైనా గుర్తుందా అమ్మా? పెద్ద చోటే కానక్కరలేదు” అని అడిగారు. అమ్మ కాసేపు ఆలోచించి, “మా అమ్మమ్మగారి ఇంటి అరుగండీ, పొద్దున పూట ఎండ పడేది” అంది. ఏ నెలలో, ఎండ ఏ పక్కనుంచి, పక్కన ఎవరుండేవారు, ఏ చప్పుళ్లు వినబడేవి అని కౌన్సెలర్ గారు ఒక్కొక్కటే అడుగుతూ పోయారు. కృష్ణా డెల్టాలో వరి తరువాత అదే పొలంలో మినుము పండిస్తారు. ఆ పంట ఇంటికి చేరాక అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చేటతో మినుములు చెరిగే చప్పుడు, వీపుకు తగిలే పొద్దుటి ఎండ, గచ్చు చల్లదనం, ఇవన్నీ ఆ సంభాషణలో బయటికి వచ్చాయి. నేను కూతురినై ఉండి కూడా అంతకుముందు వినని సంగతులవి. మరుసటి వారం కౌన్సెలర్ గారు ఆ వివరాలతోనే పది నిమిషాల పాఠం రాసుకుని వచ్చి, అమ్మ ఫోనులోనే తన గొంతుతో రికార్డు చేసి ఇచ్చారు.

ఆ పాఠాన్ని కూడా ఒకసారి మార్చవలసి వచ్చింది. మొదటి రూపంలో లోపలినుంచి కాఫీ వాసన వస్తున్నట్టు ఒక వాక్యం ఉండేది. మామూలు రోజుల్లో అది అందమైన వాక్యమే గానీ, కీమో నడుస్తున్నప్పుడు ఇష్టమైన వాసనలు కూడా కడుపులో తిప్పుతాయి. అమ్మ ఆ మాట చెప్పగానే వాసనల ప్రస్తావన అంతా తీసివేసి, చప్పుడునూ స్పర్శనూ మాత్రమే ఉంచారు. గుంపులోని మిగిలినవారికి కూడా ఇలాగే ఎవరి చోటు వారికి దొరికింది. ఒక పెద్దాయన అలిపిరి మెట్లు ఎక్కుతున్నట్టు ఊహించుకునేవారు. పాతబస్తీ నుంచి వచ్చే ఒకావిడ తెల్లవారి నమాజు ముగిశాక తన పుట్టింటి వాకిట్లో కూర్చున్నట్టు తలచుకునేవారు. ఎవరి విశ్వాసం జోలికీ పోకుండా, ఎవరి మీదా ఒక దృశ్యాన్ని రుద్దకుండా నడిపించడం ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. యాప్‌లలోనూ యూట్యూబులోనూ ఉచితంగా దొరికే రికార్డింగులు ఎన్ని ఉన్నా, అడిగి తెలుసుకుని మార్చే మనిషి వాటిలో ఉండరు.

ఇక ఫలితం సంగతి. అమ్మకు మొదట ఇచ్చిన కీమోలో డాక్సోరుబిసిన్ ఉంది. చూడడానికి ఎర్రగా ఉండే మందు కావడంతో, సూది గుచ్చకముందే దాని రంగు చూసి జంకేవారు ఆ హాలులో చాలామంది ఉండేవారు. వాంతులు రాకుండా ముందుగానే మందులు ఇస్తారు కనుక, ఇంటికి వచ్చాక అమ్మకు వచ్చిన వికారం భరించగలిగిన మేరకే ఉండేది. ఆమెను ఎక్కువగా బాధించింది వేరొకటి. కొన్ని విడతలు గడిచాక, మందు ఎక్కించకముందే, ఆసుపత్రి లిఫ్టు ఎక్కగానే, స్పిరిట్ వాసన తగలగానే డోకు వచ్చేది. వైద్యులు దీనిని యాంటిసిపేటరీ నాసియా అంటారు. మందు వల్ల కలిగిన వికారం, ఆ సమయంలో చుట్టూ ఉన్న వాసనలతో, గదితో, మనుషులతో ముడిపడిపోయి, తరువాత ఆ గుర్తులే దానిని రప్పిస్తాయి. కీమో తరువాతి వాంతులను బాగా ఆపగలిగే ఆన్‌డాన్‌సెట్రాన్ వంటి మందులు, ఇలా ముందుగానే వచ్చే వికారం మీద అంతగా పనిచేయవు. మొదటి విడతనుంచే వాంతులను గట్టిగా అదుపు చేయడం దీనికి అసలైన నివారణ. ఒకసారి వచ్చాక మాత్రం కండరాలను వదులు చేసే సాధన వంటి ప్రవర్తనా పద్ధతులకు వైద్య మార్గదర్శకాలలోనే చోటు ఉంది.

ఈ విషయంలో పరిశోధన కొత్తదేమీ కాదు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో థామస్ బరిష్, ఆయన సహచరులు 1980ల తొలినాళ్లలోనే కీమో రోగులకు కండరాల సాధన, ఊహ రెండింటినీ కలిపి నేర్పి, నేర్చుకున్నవారిలో ఆందోళన, వికారం తగ్గడాన్ని నమోదు చేశారు. ఆన్‌డాన్‌సెట్రాన్ వాడుకలోకి వచ్చింది 1990లలో కనుక, ఆ అధ్యయనాలు జరిగిన కాలంలో రోగులు నేటికంటే చాలా ఎక్కువగా వాంతులతో బాధపడేవారని గుర్తుంచుకుని వాటిని చదవాలి. మా అనుభవంలో, ఇంటినుంచి బయలుదేరేముందు ఒకసారి, మందు ఎక్కించడానికి నరంలో సన్నని గొట్టం (కాన్యులా) పెట్టే వేళ ఒకసారి ఆ రికార్డింగు విన్న రోజుల్లో అమ్మకు డోకు రావడం తగ్గింది. పూర్తిగా పోలేదు. ఏడెనిమిది చెప్పే రోజుల్లో తరగతి ముగిశాక నాలుగైదుకు దిగేది. ఒకటికో సున్నాకో చేరిన రోజు నేను చూడలేదు. కానీ ఏడుకూ నాలుగుకూ మధ్య తేడా ఎంతటిదో, రాత్రంతా నిద్రలేక మరునాడు కీమోకు రానని మొండికేసిన మనిషిని దగ్గరుండి చూసినవారికి తెలుస్తుంది. ఆ తరువాతి విడతలు ఒక్కటీ వాయిదా పడకుండా పూర్తయ్యాయి. అందులో డాక్టర్ల మందులది పెద్ద పాత్ర, ఈ తరగతిది చిన్నదే అయినా నిజమైన పాత్ర.

అనుకోని చోట కూడా ఈ సాధన అక్కరకు వచ్చింది. కీమో, ఆపరేషను అయ్యాక అమ్మకు ఎడమవైపు రేడియేషన్, మా ఊళ్ల మాటలో చెప్పాలంటే కరెంటు, పెట్టారు. ఎడమ రొమ్ముకు ఇచ్చేటప్పుడు గుండెకు తగిలే మోతాదు తగ్గించడానికి, చాలా కేంద్రాల్లో నిండుగా ఊపిరి తీసుకుని సుమారు 20 సెకన్లు బిగపట్టమంటారు. ఊపిరితిత్తులు నిండినప్పుడు గుండె ఛాతీ గోడకు కొంత దూరంగా జరుగుతుంది. పెద్ద యంత్రం కింద, తలుపు మూసిన గదిలో ఒంటరిగా పడుకుని భయపడుతూ ఊపిరి బిగపట్టడం తేలికైన పని కాదు. కడుపుతో ఊపిరి తీసుకోవడం అప్పటికే అలవాటైనందున అమ్మకు ఆ శిక్షణ త్వరగా పట్టుబడింది. కీమో హాలుకే పరిమితమైన ఈ తరగతిని రేడియేషన్ విభాగానికి కూడా విస్తరిస్తే, ముఖ్యంగా మెడ, నోటి క్యాన్సర్‌కు ముఖం మీద బిగుతు మాస్కు వేయించుకుని కదలకుండా పడుకోవలసినవారికి, ఎంతో మేలు జరుగుతుంది. ఆసుపత్రి యాజమాన్యాన్ని నేను రాతపూర్వకంగా కోరింది కూడా ఇదే.

ఈ సాధన గడ్డను కరిగించదని, ఆయుష్షును పెంచుతుందని తాను చెప్పబోనని, భయాన్నీ వికారాన్నీ తగ్గించి చికిత్సను ఓర్చుకోవడానికి మాత్రమే సాయపడుతుందని కౌన్సెలర్ గారు మొదటి తరగతిలోనే అందరికీ చెప్పారు. ఆ నిజాయితీకి నేను చాలా గౌరవం ఇస్తాను, ఎందుకంటే అంతకుముందు మా బంధువులొకరు ప్రేమతో డబ్బు కట్టి అమ్మను చేర్పించిన ఒక ఆన్‌లైన్ కార్యక్రమంలో ఇందుకు పూర్తిగా భిన్నమైన మాటలు విన్నాము. రక్తంలోని కణాలు సైనికుల్లా వెళ్లి క్యాన్సర్‌ను చంపుతున్నట్టు రోజూ ఊహించుకుంటే రోగం పోతుందని అక్కడ చెప్పారు. 1970లలో కార్ల్ సైమన్‌టన్ అనే అమెరికన్ రేడియేషన్ వైద్యుడు ఇలాంటి ఊహను ప్రచారంలోకి తెచ్చారు. ఊహాశక్తితో బతుకు పొడిగించవచ్చన్న వాదాన్ని ఆ తరువాతి పరిశోధనలు బలపరచలేదు. ఆ వాదంవల్ల జరిగే హాని నేను మా ఇంట్లోనే చూశాను. మధ్యలో తీసిన స్కానులో గడ్డ అనుకున్నంత తగ్గలేదని తెలిసిన రాత్రి, “నేను సరిగా తలచుకోలేదేమోనే” అని అమ్మ అడిగింది. రోగం వచ్చిన బాధకు తోడు, అది తగ్గకపోవడం కూడా తన తప్పే అన్న భారాన్ని ఒక మనిషి మీద మోపే ఏ కార్యక్రమానికీ, అది ఎంత శ్రావ్యమైన గొంతుతో చెప్పినా, ఒక్క రూపాయి కట్టవద్దని కుటుంబాలను వేడుకుంటున్నాను.

శాస్త్రం ఈ పద్ధతికి ఎంతవరకు మద్దతు ఇస్తుందో కూడా చెప్పాలి. అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ, సొసైటీ ఫర్ ఇంటిగ్రేటివ్ ఆంకాలజీ కలిసి 2023లో వెలువరించిన మార్గదర్శకాలు, చికిత్స జరుగుతున్నకాలంలో పెద్దవారికి కలిగే ఆందోళన లక్షణాలకు మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద గమనం నిలిపే సాధన), యోగా, సంగీత చికిత్సలతో పాటు రిలాక్సేషన్‌ను కూడా ఇవ్వదగిన పద్ధతులలో చేర్చాయి. మాటిమాటికీ ఏడుపు రావడం, ఆకలి నిద్ర పూర్తిగా పోవడం, బతకాలని లేదనడం వంటివి కనిపిస్తే మాత్రం తరగతితో సరిపెట్టుకోకుండా మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లాలి. మా గుంపులోని ఒకరిని కౌన్సెలర్ గారు ఆ విధంగా వెంటనే పంపించారు.

ఈ సాధన అందరికీ ఒకేలా సరిపడదు. కళ్లు మూసుకోగానే గుండెదడ పెరిగేవారు కొందరుంటారు. వారు కళ్లు తెరిచి, ఒక చోట చూపు నిలిపి చేయవచ్చు. కాన్యులా ఉన్న చేతిని గట్టిగా బిగించకూడదు. చంకలోని గ్రంథులు తీసివేసినవారు, ఎముకలకు క్యాన్సర్ పాకినవారు ఏ భాగాన్ని బిగించవచ్చో ముందుగా డాక్టరును అడగాలి. ఈ జాగ్రత్తలు తరగతిలో చెబుతారు గానీ, ఆలస్యంగా వచ్చినవారికి మళ్లీ చెప్పడం లేదు. రాసి గోడకు అంటించడం పెద్ద పనేమీ కాదు.

లోపాలలో మొదటిది గది. బిల్లింగు కౌంటరుకు ఆనుకుని ఉండడంవల్ల, నుదురు వదులు చేయమని చెబుతున్న గొంతు మీద టోకెను నంబర్ల ప్రకటన వచ్చి పడుతుంది. ప్రతి ప్రకటనకూ ఉలిక్కిపడేవారిని నేను గమనించాను. రెండవది సమయం. ఉదయం రక్తపరీక్ష రిపోర్టు కోసం, డాక్టరు సంతకం కోసం తిరిగే వేళకే తరగతి పెట్టడంవల్ల, అవసరమున్న చాలామంది రాలేకపోతున్నారు. జిల్లాలనుంచి రాత్రి బస్సులో వచ్చి, మందు ఎక్కించుకుని సాయంత్రానికి తిరిగి వెళ్లేవారికి ఇది అసలే అందదు. మందు ఎక్కుతున్న మూడు నాలుగు గంటలు వారు ఆ కుర్చీలోనే ఉంటారు కదా, అక్కడే ఇయర్‌ఫోన్లతో వినిపించే ఏర్పాటు చేయవచ్చు. చేతికి ఇచ్చే కరపత్రంలోని తెలుగు చదివితే అర్థం కాదు. ‘ఉదర శ్వాసక్రియను అభ్యసించుము’ అన్న వాక్యం చూసి మా అమ్మ దానిని మడిచి ఫైలులో పెట్టేసింది. కౌన్సెలర్ గారు మాట్లాడే తెలుగునే అచ్చు వేస్తే సరిపోతుంది. ఈ మొత్తం సేవ ఒక్క మనిషి మీద ఆధారపడి ఉండడం అన్నిటికన్నా పెద్ద లోపం. ఆమె సెలవు పెట్టిన వారాల్లో తరగతి జరగలేదు. ఒక్కొక్కరికీ విడిగా పాఠం రాసి ఇచ్చే ఓపిక ఎంతకాలం నిలుస్తుందన్న దిగులు నాకు ఉంది.

మగవారు చాలా తక్కువగా రావడం కూడా నన్ను బాధించింది. భార్యను లోపల కూర్చోబెట్టి బయట బెంచీ మీద ఫోను చూసుకుంటూ ఉండే భర్తలలో, తామే కీమో తీసుకుంటున్నవారు కూడా ఉన్నారు. అటెండెంట్లను లోపలికి రానిస్తారు గానీ, రమ్మని పిలవరు. నాకు ఆ సాధన ఎంత అవసరమో, కాన్యులా కోసం నరం దొరకక నర్సు మూడోసారి గుచ్చినప్పుడు అమ్మ పక్కన నిలబడి తెలుసుకున్నాను. రోగితోపాటు ఇంట్లోవారికి కూడా నేర్పితే, రాత్రివేళ రికార్డింగు లేకపోయినా నెమ్మదిగా చదివి వినిపించేవారు ఇంట్లో ఒకరుంటారు.

చేరదలచినవారు కీమో మొదలయ్యేముందే చేరడం మంచిది. వికారం అలవాటైపోయాక నేర్చుకోవడంకన్నా ముందుగా నేర్చుకున్నది ఎక్కువగా పనికొస్తుందని మాతో కూర్చున్నవారు కూడా అన్నారు. ఈ సేవ గురించి బోర్డు ఎక్కడా లేదు, రిసెప్షనులో అడిగితే తెలియదంటారు. డే కేర్ నర్సింగ్ ఇన్‌ఛార్జిని అడగాలి. మీ ఆసుపత్రిలో ఇలాంటిది ఉందో లేదో తెలియకపోతే, సైకో ఆంకాలజీ లేదా పాలియేటివ్ కేర్ (రోగి బాధలను తగ్గించే) విభాగం ఉందా అని అడగండి. తరగతిలో కూర్చున్న మొదటి రోజే, మీకు గిట్టని చోటు, గిట్టని వాసన, గిట్టని జ్ఞాపకం ఏవైనా ఉంటే కౌన్సెలరుకు చెప్పండి.